మరిగించిన తేనె

తేనె కొట్టు నమోదు పుస్తకం, పొగడమెట్ట
పెద్ద కడుగు తర్వాత 38వ ఏడు

జూన్ 3

ఉదయం ఆరింటికి కొట్టు తెరిచాను. లోపల 24 డిగ్రీలు. జాడీలు 311. మైనం మూతలన్నీ చూశాను. 140వ జాడీ మూత పక్కన తడి కనిపించింది. తుడిచి కొత్త మైనం పోశాను.

87వ జాడీ పళ్లేలు సిద్ధమయ్యాయి. అది కొండ తేనె, పెద్ద కడుగుకు పదేళ్ల ముందు పిండినది. మూడు రోజుల కింద ఒక చుక్కను నీళ్లలో కలిపి పళ్లెంలో పరిచాను. తొమ్మిది రకాలు మొలిచాయి. ఐదు బ్యాక్టీరియా, మూడు ఈస్టులు, ఒక బూజు. బూజు ఆకుపచ్చగా మొదలై అంచుల్లో తెల్లబడింది. నలభై ఎనిమిదేళ్లు తేనెలో పడుకుని లేచింది. పుస్తకంలో బొమ్మ గీశాను. హైమ ఇంకా బాగా గీసేది.

సోమవారం కాబట్టి పులుపు పంచాను. అరవై రెండు ఇళ్లకు అరవై రెండు సీసాలు. జాడీల్లోంచి లేపిన పుల్లని రకాలు అందులో ఉంటాయి. ఆ సీసా పోయకపోతే చోడి (రాగి) అంబలి నాలుగు రోజులున్నా పులవదు. పిండి కలిపిన నీళ్లలా అలాగే ఉంటుంది. ఇక్కడి పిల్లలకు అందులో వింత లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, పెద్ద కడుగు నాడు, క్రిముల్ని చంపే మందు మంచు ఆకాశం నుంచి రాలింది. జ్వరాలు పోతాయన్నారు, పోయాయి. ఆ వారం అమ్మ రుబ్బిన పిండి పొంగలేదు. ఉప్పు ఎక్కువ వేశానేమో అనుకుంది.

చివరగా సన్యాసమ్మత్త వచ్చింది. నా భార్య హైమది ఈ మెట్టే కాబట్టి ఇక్కడ నేను అందరికీ అల్లుణ్ని. నిన్న ఆమె కోడలు పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. ఈ మెట్ట మీద మూడోరోజున బిడ్డ నాలుక మీద తేనె రాస్తారు. ఎవరు దింపిన తేనె రాస్తే వాళ్ల గుణం వస్తుందని నమ్మకం. ఆమెకు హైమ దింపిన తేనె కావాలి.

అలాంటిది ఒక్క జాడీయే ఉంది, 219. మంచు చేరని కొండ పగుళ్లలో ఏం మిగిలిందో చూడాలని హైమ కిందటేడు ఏప్రిల్‌లో తాడు కట్టుకుని దిగి, ఒక పట్టు కోసుకొచ్చి పిండింది. మూడు వారాలకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. జాడీలో ఏడు చెంచాలుంటుంది. దాన్ని ఇంతవరకు పళ్లెంలో వేసి చూడలేదు. వేయాలంటే అర చెంచా పోతుంది.

రేపు చూద్దామన్నాను. సన్యాసమ్మత్త కదల్లేదు.

“నాకేటి జాడీ ఇమ్మన్నానా అల్లుడా, సుక్క అడిగినాను. ఆ మడిసే ఉంటే నన్ను అడగనిచ్చీదా? తనే తెచ్చి రాసీసేది.”

జూన్ 4

219 తెరిచాను. వాసన గురించి రాయను.

శాఖ పుస్తకంలో నాలుగో నిబంధన: ఏడాది నిండని పిల్లలకు పచ్చి తేనె ఇవ్వకూడదు, మరిగించి ఇవ్వవచ్చు. అర చెంచా తేనెను చిన్న సీసాలోకి తీసి, మూత బిగించి, నీళ్ల గిన్నెలో పెట్టి పదిహేను నిమిషాలు మరిగించాను. రెండో నిబంధన: పళ్లెంలో చూడని జాడీ నుంచి ఏదీ బయటకు పోకూడదు. దాన్ని పాటించలేదు. మరిగించాక చూడటానికి ఏముంటుంది అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఈ కొట్టులో మరిగించిన తేనె వేసిన పళ్లెం ప్రతిసారీ ఖాళీగానే ఉంది.

సీసా నేనే తీసుకెళ్లాను. సన్యాసమ్మత్త వేలితో రాసింది. పాప మొహం చిట్లించి, నాలుక చప్పరించి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. పైడితల్లి మంచం మీదనుంచే చూస్తోంది.

“ఇదీ కొండలెక్కుద్దేటి అన్నయ్యా? ఇప్పుడే సెప్తున్నాను, నానైతే దించలేను సుమీ.”

నవ్వాను. సీసాలో మిగిలినది రోజూ కాస్త రాస్తామన్నారు. ఇచ్చేసి వచ్చాను.

జూన్ 15

సీసాలు కడుగుతుంటే సన్యాసమ్మత్త వచ్చింది. పులుపు ఇంకాస్త కావాలంది. ఎందుకంటే పైడితల్లి అంబలి బాగా తాగితే పాలు పడతాయని. పాలు లేవా అని అడిగాను. ఉన్నాయి కానీ పాప రెండు గుక్కలకే వదిలేస్తోందట. ఐదు రోజులుగా విరేచనం లేదట. ఏడుపు కూడా సన్నబడిందట. మంచి పిల్ల, గోల చెయ్యదు అని ఇంట్లో మురిసిపోతున్నారు.

ఆమె వెంట వెళ్లాను. పాప మెలకువగానే ఉంది, రెప్పలు మాత్రం సగానికి వాలి ఉన్నాయి. చెయ్యి ఎత్తి వదిలాను. తడిగుడ్డలా పడింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. ఎండ తగ్గాక వెళ్తామన్నారు. ఇప్పుడే అన్నాను. నా గొంతు పెరిగినట్టుంది, పైడితల్లి లేచి చెప్పులేసుకుంది.

జూన్ 16

మా ఆసుపత్రిలో నాలుగు మంచాలు. డాక్టర్ జకీరా ఒక్కరే. పాప కంట్లోకి టార్చి వేసి చాలాసేపు చూశారు. నల్లగుడ్డు ముడుచుకోవడానికి ఆలస్యం చేస్తోంది. మెడ నిలవడం లేదు. జ్వరం లేదు. పైనుంచి కిందికి ఒక్కో కండరమే వదులవుతోందన్నారు.

పాలు కాక నోట్లోకి ఇంకేం వెళ్లిందని అడిగారు. సన్యాసమ్మత్త నోరు తెరిచేలోపే నేను చెప్పాను. మరిగించానని కూడా చెప్పాను.

“మరిగించారు కదా, అయితే అది కాకపోవచ్చు” అన్నారు ఆమె. టార్చి జేబులో పెట్టుకుని, “అయినా ఒకసారి చూడండి” అన్నారు.

సీసాలో అడుగున కొంచెం మిగిలింది. మూడు పళ్లేలు వేసి వెచ్చని పెట్టెలో పెట్టాను.

జూన్ 17

ఉదయం పది. పళ్లేలు మూడూ అద్దంలా ఉన్నాయి. ఒక్క చుక్క మొలవలేదు. తేనెది తప్పు కాదని నమోదు చేయడానికి పెన్ను తీశాను.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. పాప ఊపిరి ఆగింది.

నేను వెళ్లేసరికి డాక్టర్ జకీరా గాలి సంచి నొక్కుతున్నారు. అరచేతిలో పట్టే రబ్బరు సంచి, చివర గొట్టం. గొట్టం పాప గొంతులోకి ఉంది. నొక్కితే ఛాతీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. రెండు సెకన్లకొకసారి. ఆపితే ఏమీ లేదు. పాపకు స్పృహ ఉందన్నారు. అంతా వినిపిస్తుంది, వేలు కదపలేదు.

పళ్లేలు ఖాళీగా ఉన్నాయని చెప్పాను. ఆమె సంచి మీంచి చూపు తిప్పకుండా అడిగారు.

“గాలి తగిలేలా పెంచారా?”

అవునన్నాను. మేమెప్పుడూ పళ్లేలను గాలి తగిలేలానే పెంచుతాం. చెబుతుండగానే కాలేజీలో విన్న పాఠం ఒకటి గుర్తొచ్చింది. గాలి తగిలితే పెరగనిది, కడుపులో చేరితే తన విషంతో కండరాలను వదులు చేసేది ఒక బ్యాక్టీరియా ఉంది. మట్టిలో ఉంటుంది, మట్టి నుంచి తేనెటీగ కాళ్లకు అంటి తేనెలోకి చేరుతుంది. పరిస్థితులు ప్రతికూలంగా ఉన్నప్పుడు గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. ఆ పెంకుకు మరిగే నీళ్లు లెక్కలేదు. పరీక్షలో దీని మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. రాశాను కూడా.

కొట్టుకు పరుగెత్తాను. చిక్కుడు గింజలు ఉడికించిన నీళ్లు మూడు గొట్టాల్లో పోశాను. మొదటి దాంట్లో మరిగించిన తేనె. రెండో దాంట్లో 219 నుంచే తీసిన పచ్చి తేనె. మూడో దాంట్లో తేనె వేయలేదు, ఖాళీ. గాలి చొరకుండా మూడింటి మీదా మైనం పోసి వెచ్చని పెట్టెలో పెట్టాను. రెండు రోజులు పడుతుంది.

జూన్ 18

గాలి సంచికి వంతులు వేశాం. మనిషికి ఇరవై నిమిషాలు. పద్దెనిమిది మంది ఉన్నారు. గట్టిగా నొక్కకూడదు, ఊపిరితిత్తులు చిట్లుతాయి. మెల్లగా నొక్కితే చాలదు. డాక్టర్ జకీరా అందరి చేత ముందు సంచిని ఒక బూరకు తగిలించి నొక్కించి చూశారు. కమ్మరి కొర్లయ్య తన వంతు వచ్చినప్పుడు అన్నాడు, “పుట్టిన కాడినుంచి కొలిమి తిత్తి నొక్కినోణ్ని, నాకు నేర్పుతావేటమ్మా” అని. మొదటి నిమిషం అయ్యేసరికి అతని నుదుటి మీద చెమట. ఆ తర్వాత నొక్కులు పైకే లెక్కపెట్టుకున్నాడు.

పదింటికి రేడియోలో కింద ఊళ్లో ఉన్న శాఖను పిలిచాను. అక్కడి అధికారి త్రినాథ్ పలికాడు. కింద ఆసుపత్రిలో పిల్లల వెంటిలేటర్ ఒకటి ఖాళీగా ఉంది. రోప్‌వేలో పంపితే నలభై నిమిషాలు. కానీ పైన గుర్తు తెలియని జీవి బయటపడిందని నిన్న డాక్టర్ పంపిన నివేదికతోనే రోప్‌వే ఆపేశారు. పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు.

ఈ జబ్బుకు పూర్వం విరుగుడు మందు ఉండేదని డాక్టర్ జకీరా అన్నారు. కడుగు తర్వాత జబ్బే లేదు కదా అని తయారీ ఆపేశారట. ఇప్పుడున్నది కాలం ఒక్కటే. నరాల కొసలు తెగలేదు, మూసుకుపోయాయి. కొత్త కొసలు మొలవాలి. మూడు వారాలో, ఐదో. అంతవరకు ఊపిరి మనమే పోయాలి.

పద్దెనిమిది మంది, ఐదు వారాలు. ఎవరూ లెక్క కట్టలేదు, అందరికీ తెలుసు.

జూన్ 19

ఉదయం తొమ్మిది. గొట్టాలు తీశాను.

మూడోది, ఖాళీది, తేటగా ఉంది.

మొదటిది, మరిగించిన తేనెది, మురికిగా మారింది. మైనం బిళ్ల పైకి లేచి పక్కకు ఒరిగింది, కింద బుడగలు. కుళ్లు వాసన. చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూశాను. గరిటెల్లా ఉన్నాయి, ఒక చివర ఉబ్బి. ఉబ్బులో సిద్ధబీజం.

రెండోది, పచ్చి తేనెది, వేరుగా ఉంది. కాస్త మసక, బుడగల్లేవు. నీలం కాగితం ముంచితే ఎర్రబడింది. పుల్లబడింది. సూక్ష్మదర్శినిలో ఆరేడు రకాలు కనిపించాయి, పొట్టి కడ్డీలు, గొలుసులు, ఈస్టు గుండ్లు. గరిటెలు వెతికితే రెండు దొరికాయి, రెండూ పెంకులోనే ఉన్నాయి. చుట్టూ అంత పులుపు ఉంటే అవి లేవవు.

అర్థమైంది. ఒకే జాడీలో రెండూ ఉన్నాయి. మరిగించినప్పుడు చచ్చినవి కాపలా ఉన్నవి. చావనిది ఒక్కటే మిగిలింది, పైగా వేడి తగిలి నిద్ర లేచింది. అది పోయి పడింది ఎక్కడ? ఏ రకమూ ఇంకా చేరని, పదిహేను రోజులైనా నిండని కడుపులో. కడుగుకు ముందు పుట్టిన పిల్లలకైతే గాలిలోంచీ నేలలోంచీ ఏదో ఒకటి ముందే చేరి ఉండేది.

ముప్పై ఏళ్ల ఖాళీ పళ్లేలను చూసి మరిగించిన తేనె అన్నిటికంటే శుభ్రమైనదని నమ్మాం.

నెల రోజుల్లో మరిగించిన తేనె పదకొండు ఇళ్లకు ఇచ్చాను, ఎక్కువగా దగ్గుకు. పదకొండూ తిరిగి సీసాలన్నీ వెనక్కి తెచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఐదేళ్లలోపు పిల్లలు ముగ్గురున్నారు, రోజూ చూస్తానని డాక్టర్ జకీరా రాసుకున్నారు.

ఆసుపత్రికి వెళ్లేసరికి సన్యాసమ్మత్త సంచి నొక్కుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. నేనిచ్చిన తేనెలోంచే వచ్చిందని. ఇచ్చేముందు జాడీని పరీక్షించాలని, పరీక్షించలేదని. పరీక్షిస్తే అర చెంచా తరిగిపోతుందని ఆగానని.

ఆమె పెదవులు లెక్క ఆపలేదు. వంద అయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేముందు అంది.

“అడిగింది నాను.”

“ఇచ్చింది నేను అత్తా.”

“అయితే నా తరవాత నీ వంతు. ఇలా రా. సెయ్యి కింద సెయ్యి పెట్టు, సంచి జారకూడదు.”

పైడితల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. నా ఇరవై నిమిషాలు సగమయ్యాక మాట్లాడింది, ఇటు తిరగకుండానే.

“నాకు కోపం ఉందన్నయ్యా. ఇప్పుడు కాదు. నా పిల్ల లేచినాక సూపిస్తాను.”

మధ్యాహ్నం మూడింటికి రేడియో. నిర్ణయం వచ్చింది. కొట్టులోని జాడీలన్నీ గురువారం సాయంత్రంలోగా మరిగించాలి. మరిగించినట్టు నేనూ డాక్టరూ చెప్పిన మరుక్షణం రోప్‌వే తెరుస్తారు, వెంటిలేటర్ వస్తుంది.

గొట్టాల సంగతి వివరంగా చెప్పాను. మరిగిస్తే చచ్చేవి మంచివని, ప్రమాదం తగ్గదని, పెరుగుతుందని. త్రినాథ్ అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు సార్. నిబంధనల పుస్తకంలో మరిగించమని ఉంది. మీ గొట్టాలు పుస్తకంలో లేవు. మూడు వందల పదకొండు జాడీలు అలా ఉండగా రోప్‌వే తెరిస్తే, రేపు కింద ఊళ్లో ఒక బిడ్డ వాలిపోతే సంతకం నాది.”

పుస్తకం మార్చడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. సంఘం ఆగస్టులో కూర్చుంటుందన్నాడు.

సాయంత్రం ఐదింటికి కొర్లయ్య చెయ్యి కొంకర్లు పోయింది. సంచి జారి గొట్టం ఊడింది. డాక్టర్ జకీరా మళ్లీ పెట్టేసరికి అర నిమిషం. పాప పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి, తర్వాత మెల్లగా తేరుకున్నాయి. కొర్లయ్య బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. రమ్మంటే రాలేదు.

మరిగిస్తాను.

జూన్ 20

తెల్లవారగానే కొట్టు తలుపులు రెండూ తెరిచి, కొర్లయ్య చేత మెట్టంతా కబురు చేయించాను. ఇంటికి ఐదు గిన్నెల చోడి జావ కాచి, చల్లార్చి తెమ్మన్నాను. ఎందుకని అడిగినవాళ్లకు ఇలా చెప్పాను. సాయంత్రానికి ఈ జాడీలు చచ్చిపోతాయి. అందులో ఉన్నవి బతకాలంటే మీ అంబలి గిన్నెల్లోకి రావాలి. ఇన్నాళ్లూ తేనెలో పడుకుని ఉన్నాయి, తిండి అడగలేదు. ఇకమీద రోజూ జావ పోయాలి, పాతది గరిటెడు ఉంచి కొత్తది కలపాలి. ఒక్క రోజు మరిచినా పోతాయి. ఏడాది నిండని పిల్లలున్న ఇళ్లకు ఇవ్వను.

అరవై రెండు ఇళ్లలో యాభై ఎనిమిది వచ్చాయి. వరుస ఆసుపత్రి మలుపు దాకా నిలిచింది. ఒక్కో జాడీ మూత తీసి, చుక్క గిన్నెలో వేసి, గిన్నె మీద బొగ్గుతో నంబరు రాశాను. 140 ఎవరికో, 87 ఎవరికో పుస్తకంలో ఎక్కించాను. గిన్నెలు 290 వచ్చాయి కాబట్టి ఇరవై గిన్నెల్లో రెండేసి జాడీల చుక్కలు వేశాను.

వరుసలో ఉన్న దాలమ్మ తన ఐదో గిన్నె చాపుతూ, మరీ పుల్లటి రకం ఇవ్వొద్దంది. ఎందుకని అడిగితే, “ఇంట్లో ఒకడున్నాడు గదా, ఇద్దర్ని సాకలేను” అంది. వెనకున్న ఆమె మొగుడితో సహా వరుసంతా నవ్వింది. మూడు రోజుల్లో మెట్ట మీద నవ్వు వినడం అదే మొదలు. అదే సమయంలో ఆసుపత్రి కిటికీలోంచి లెక్క వినిపిస్తోంది, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది.

ఒంటిగంటకు 310 పూర్తయ్యాయి. అన్నీ బతకవు. తేనెలో మాత్రమే ఉండగలిగేవి అంబలిలో ఉండలేవు. గిన్నెలో బలమైనవి బలహీనమైనవాటిని తినేస్తాయి. తొమ్మిదిలో నాలుగు మిగిలితే గొప్ప. ఏవి పోతాయో పేర్లతో సహా చెప్పగలను. చెప్పి ప్రయోజనం లేదు.

219ని ఎవరికీ ఇవ్వలేదు. అందులో ఆ గరిటెలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. మరిగిస్తే చాలదు. ఆసుపత్రిలో గాయాల కత్తెరలకు వాడే ఆటోక్లేవ్ ఉంది, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. నూట ఇరవై ఒక్క డిగ్రీలు, అరగంట. సిద్ధబీజాలు కూడా పోతాయి. మిగిలిన జాడీలను అందులో పెట్టాలంటే నెల పడుతుంది, కట్టెలూ లేవు. ఈ ఒక్కదాన్ని పెట్టొచ్చు.

జాడీ పట్టుకెళ్లాను. డాక్టర్ జకీరా చేతులు చాపారు. నేనే పెడతానన్నాను. మూత తిప్పి బిగించాను. ముల్లు లేచేదాకా నిలబడ్డాను. అరగంటయ్యాక ఆవిరి వదిలి తీస్తే తేనె నల్లగా, మాడిన బెల్లంలా ఉంది. దాన్ని కొట్టు వెనక గొయ్యి తీసి పోశాను. జాడీ కడిగి బోర్లించాను. దాని మీద నంబరు హైమ చేతిరాత. చెరపలేదు.

రెండింటి నుంచి ఆరింటిదాకా ఆరు డేగిశాల్లో వంతులవారీగా 310 జాడీలు మరిగించాం. ఒక్కో దాని మీదా ఎర్ర రంగుతో రాశాను: మరిగించినది, విషం, ఎవరూ నోట పెట్టరాదు.

ఆరున్నరకు రేడియోలో చెప్పాం. నేను, తర్వాత డాక్టర్. అన్నీ మరిగించారా అని త్రినాథ్ అడిగాడు. అన్నీ అన్నాను. అంబలి గిన్నెల గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఈ నమోదు పుస్తకం నెలాఖరుకు శాఖకు వెళ్తుంది. పేజీ చింపను. చదువుకోవచ్చు.

జూన్ 21

చీకట్లో రోప్‌వే నడపరు, ఉదయం ఏడుంపావుకు కదిలింది. వెంటిలేటర్ పెట్టె దిగేసరికి మెట్టంతా స్తంభాల దగ్గరే ఉంది. నలుగురం మోసుకెళ్లాం. డాక్టర్ జకీరా గొట్టాలు కలుపుతున్నంతసేపూ సంచి సన్యాసమ్మత్త చేతిలో ఉంది. యంత్రం అందుకున్నాక కూడా ఆమె నొక్కుతూనే ఉంది, ఉత్త సంచిని. పైడితల్లి వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

జూన్ 30

ఇల్లిల్లూ తిరిగి గిన్నెలు చూశాను. 290 గిన్నెల్లో 203 పులిశాయి. రుచి ఇంటింటికీ వేరు. 87వ జాడీ గిన్నెలో నాలుగు రకాలు మిగిలాయి. బూజు లేదు.

పదకొండు ఇళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

పాప రెప్పలు నిన్న ఒకసారి పూర్తిగా లేచాయట. పైడితల్లి చూసింది, ఇంకెవరూ చూడలేదు.

నెల నివేదికలో “కారణం” అన్న గడిలో నా పేరు రాశాను. “పద్ధతి లోపం” అన్న గడిలో నాలుగో నిబంధన రాశాను. రెండూ నిజమే. పుస్తకం రోప్‌వేలో పంపాను. ఇక మీదట రాసేది కొత్త పుస్తకం.

జూలై 9

త్రినాథ్ రేడియోలో పిలిచాడు. పుస్తకం చదివానన్నాడు. తర్వాత, చిక్కుడు నీళ్ల పాళ్లు ఎంత, మైనం ఎంత మందం పోయాలి అని అడిగాడు. కింద కొట్టుల్లో మరిగించిన నిల్వలు పన్నెండు వందల సీసాలున్నాయట. చెప్పాను, రాసుకున్నాడు. నా మీద విచారణ ఆగస్టులో ఉంటుందని కూడా చెప్పాడు. వస్తానన్నాను.

జూలై 14

పాప వేలు పట్టుకుంటోంది. మింగుతోంది. ఇవాళ గొట్టం తీసి చూస్తామని డాక్టర్ జకీరా నిన్ననే చెప్పారు. నిలవకపోతే మళ్లీ పెట్టాలి. రెండోసారి పెట్టడం కష్టమని కూడా చెప్పారు.

గదిలో పైడితల్లి, డాక్టర్ ఉన్నారు. మిగతా అందరినీ బయటికి పంపారు. గాలి సంచి నొక్కిన పద్దెనిమిది మందిమీ మెట్ల మీద కూర్చున్నాం. పది దాటింది. అంబలి వేళ, ఎవరూ తాగలేదు. సన్యాసమ్మత్త నా పక్కన ఉంది.

యంత్రం చప్పుడు ఆగింది.

బయట ఎవరూ కదల్లేదు. కొర్లయ్య తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. లోపల డాక్టర్ జకీరా ఏదో నెమ్మదిగా అన్నారు, అర్థం కాలేదు. మళ్లీ నిశ్శబ్దం. అది ఎంతసేపో రాయలేను, గడియారం వైపు చూడలేదు.

తర్వాత ఒక సన్నని శబ్దం, తలుపు కిర్రుమన్నట్టు. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి బొంగురుగా. నెల రోజులు గొట్టం ఉన్న గొంతు. మూడోసారి అది ఏడుపే. కోపంగా, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలెట్టి.

“అల్లుడా, ఏడుస్తందేటి?” అంది సన్యాసమ్మత్త. ఆమెకు కాస్త చెవుడు.

“ఏడుస్తోంది అత్తా.”

తలుపు తెరుచుకుంది. లోపల పైడితల్లి పాపను ఒళ్లో పెట్టుకుని ఉంది. పాప మొహం ఎర్రగా కంది, కాళ్లు తన్నుతోంది. ఏడుపు మెట్లు దిగి, కొట్టు దాటి, రోప్‌వే స్తంభాల దాకా వినిపించి ఉంటుంది.

చాలాసేపు ఎవరూ పాపను ఊరుకోబెట్టలేదు.